శాలిని కొన్న కుక్కరు

వెస్లీ చేతిరాత చూసి నేను కుళ్ళుకోని రోజు లేదు. ఏలూరులో వినియోగదారుల కమిషన్ ఆఫీసులో, అది ఇంకా ఫోరం అనే పేరుతో ఉన్న రోజుల నుంచీ, ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి నేను. అన్నేళ్ళు కలం ఆడించినా నా రాత నాకే అర్థం కాదు. వెస్లీ ఆరో తరగతి తప్పి, ఏలూరులో బోర్డులు రాసే వెంకట్రాజు గారి దగ్గర చేరి, రెండేళ్ళు కుంచెలు కడిగి, మూడో ఏడు మొదటి అక్షరం రాశాడు. ఆ తర్వాత తాడేపల్లిగూడెంలో ఏ రైసుమిల్లు గోడ చూసినా, ఏ లారీ వెనక చూసినా, ఏ బడి గేటు చూసినా వాడి అక్షరమే. కడుపునిండా భోంచేసి కూర్చున్న మనిషిలా గుండ్రంగా, నిమ్మళంగా ఉండేది.

గురువుగారి దగ్గర పట్టుకున్న అలవాటొకటి వాడికి ఉండేది. దుకాణం బోర్డు ముందువైపు పేరు రాశాక, వెనకవైపు, బయటికి వెళ్ళేవాళ్ళకు కనబడేలా, 'మళ్ళీ దయచేయండి' అని చిన్న అక్షరాలతో ఊరికే రాసిచ్చేవాడు. ఒకసారి ప్రసూతి ఆసుపత్రికి కూడా రాశాడు. డాక్టరమ్మ నవ్వి ఊరుకుంది.

ఫ్లెక్సీలు వచ్చి వాడి కుంచెను మూలకూర్చోబెట్టాయి. ఏడాదికి ఒక్క పని మాత్రం మిగిలింది. నవంబరు రెండున మా క్రైస్తవులకు సమాధుల పండుగ. దానికి పదిహేను రోజుల ముందు నుంచి మా తాడేపల్లిగూడెం మొదలు భీమడోలు దాకా ఉన్న సమాధుల తోటల్లో సున్నాలు వేయించి, వానకు వెలిసిన పేర్లు మళ్ళీ రాయిస్తారు. ఆ పేర్లన్నీ తప్పుల్లేకుండా వెస్లీ ఒక నల్ల అట్ట నోటుపుస్తకంలో రాసి పెట్టుకునేవాడు. "పేరులో అక్షరం పోతే పోయినవాళ్ళు ఊరుకుంటారండీ, ఉన్నవాళ్ళు ఊరుకోరు" అనేవాడు. ఆ పుస్తకంలో పేర్లే ఉండేవి. తేదీలు రాయి మీద చెక్కి ఉంటాయి గనక రాసుకునేవాడు కాదు.

ఒక్క సమాధికి మాత్రం రాయి మీదా పూర్తి తేదీల్లేవు. అది భీమడోలులో ఉంది. కొండేటి శాలిని ఎస్తేరు అని పేరు, పుట్టిన తేదీ, దాని కింద 'ప్రభువునందు నిద్రించిన తేది' అన్న మాట, ఆ మాట పక్కన ఖాళీ. శాలిని అక్కడే ప్రైవేటు బడిలో టీచరు. 2015 ఆగస్టులో కొల్లేరు లంకలో ఎవరింటికో పెళ్ళికి వెళ్ళి వస్తుంటే పడవ తిరగబడింది. నలుగురు దొరికారు. శాలిని దొరకలేదు. రెండేళ్ళు చూసి, సంఘం పెద్దలు నచ్చజెప్పగా తల్లి మరియమ్మ గారు ఖాళీ సమాధి కట్టడానికి ఒప్పుకుంది గానీ తేదీ వెయ్యనివ్వలేదు. "పోయిందని ఎవరు చూశారండీ?" అని అడిగేది. ఏటా వెస్లీ పేరు దిద్దేవాడు. ఖాళీని అలాగే వదిలేసేవాడు.

వెస్లీ కడుపు కాలుతున్న రోజుల్లో భీమశంకరం పిలిచాడు. గూడెం బజార్లో ఆయనకు తల్లి పేరుతో 'లక్ష్మీకాంతమ్మ హోమ్ నీడ్స్' అని స్టీలు సామాన్ల కొట్టు. ఎదుటి వీధిలో కొత్తగా వచ్చిన కొట్టుకు ఫోను మ్యాపులో నాలుగువందల మెచ్చుకోళ్ళున్నాయట, ఈయనకు పదకొండు. ఆ పదకొండులో రెండు తిట్లు. "నీకు అక్షరం తెలుసు కదా వెస్లీ, జనం రాసినట్టు నువ్వు రాసిపెట్టు" అన్నాడు. నాలుగు పాత ఫోన్లు చేతికిచ్చాడు.

వాడు ఆ పని కూడా పనివాడిలాగే చేశాడు, అదే నాకు మండుతుంది. ఒక్కో రివ్యూ ఒక్కో గొంతుతో ఉండేది. కొత్త కోడలు ఒకలా, హాస్టలు వార్డెను ఒకలా, చేపల చెరువు మీద వంట చేసుకునేవాడు ఒకలా. చివర్న మాత్రం అన్నిటికీ ఒకే మాట: 'మళ్ళీ వస్తాను.' బోర్డు వెనకవైపు అలవాటు అక్కడికీ వచ్చింది. ఇక పేర్లు కావలసి వచ్చినప్పుడు ఎదురుగా నల్ల అట్ట పుస్తకం ఉంది.

నాకు ఇవేవీ తెలియవు. పోయిన ఏడాది అక్టోబరులో ఒక గురువారం పొద్దున భీమశంకరం ఫోను చేశాడు. గూడెంలో స్థిరపడ్డ దగ్గర్నుంచి అడిగినవాళ్ళకు సలహాలు చెబుతున్నాను, అడగనివాళ్ళకు కూడా చెబుతున్నాను. ఆయన అడిగే రకం కాదు.

"ఏవండీ నిత్యానందం గారూ, ఒక పెద్దావిడ ఐదు శనివారాలుగా వస్తన్నారండీ. మా రివ్యూ ఒకటి చూపించి దాని తాలూకు బిల్లు అడుగుతున్నారు. కేసు వెయ్యడానికేనంటారా?"

కమిషన్లో చూసిన కేసుల్లో సగం బిల్లు అడగడంతోనే మొదలయ్యాయి కాబట్టి ఆయన భయం అర్థమైంది. వెళ్ళాను. కొట్లో అగరొత్తుల వాసన ఇంకా పోలేదు. వెస్లీ ఒక మూల స్టూలు మీద ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కళ్ళెత్తలేదు.

భీమశంకరం ఫోను నా చేతిలో పెట్టాడు. మూడువందల పై చిలుకు మెచ్చుకోళ్ళు. పైనుంచి కిందికి తోసుకుంటూ పోయాను. ఎక్కడో ఒక పేరు కళ్ళకు తగిలి దాటిపోయింది. వెనక్కి లాగాను.

రూబీ నిత్యానందం. 'ఇడ్లీ పాత్ర చాలా బాగుంది. మా ఆయనకి పొద్దున్నే ఇడ్లీ ఉండాలి. మళ్ళీ వస్తాను.' ఎనిమిది నెలల క్రితం.

నా భార్య రూబీ పోయి నాలుగేళ్ళు. నాకు ఇడ్లీ పడదు, ఆ సంగతి ఆవిడకంటే బాగా ఎవరికీ తెలియదు. అయినా దాచుకోకుండా చెబుతాను, ఆ వాక్యం మూడుసార్లు చదివాను. మూడోసారి చదువుతున్నప్పుడు, ఎనిమిది నెలల క్రితం నేను ఏ ఊరు వెళ్ళాను, ఇంట్లో లేనప్పుడు వచ్చి వెళ్ళిందా అని లెక్కవేస్తున్నాను. చదువుకున్నవాణ్ణి, ముప్పై ఏళ్ళు సాక్ష్యాల మధ్య కూర్చున్నవాణ్ణి.

ఆ కిందే భీమశంకరం జవాబు ఉంది. 'ధన్యవాదాలు రూబీ గారూ. మా దుకాణానికి మళ్ళీ దయచేయండి.'

"వెస్లీ," అన్నాను. "ఈ పేర్లు ఎక్కడివి?"

వాడు చెప్పాడు. నల్ల అట్ట పుస్తకం తీసి గల్లాబల్ల మీద పెట్టాడు. "కొత్త పేరు కల్పించి రాద్దామంటే తోచదండీ అన్నయ్య గారూ. ఈ పేర్లు చేతికి అలవాటు. ఏటా రాసేవే కదా అనుకున్నాను."

భీమశంకరం నా చేతిలో ఫోను వంక చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. రోజూ పొద్దున దేవుడి పటానికి దండం పెట్టి, అగరొత్తులు వెలిగించి, ఆ తర్వాత ఆయన చేసే మొదటి పని రాత్రి వచ్చిన రివ్యూలకు జవాబులివ్వడం. ఎనిమిది నెలలుగా, శుచిగా కూర్చుని, గూడెం నుంచి భీమడోలు దాకా ఉన్న సమాధుల తోటలన్నిటినీ పేరుపేరునా తన కొట్టుకు పిలిచాడు. మెల్లగా "ఇంటికెళ్ళి తలమీద నీళ్ళు పోసుకొస్తానండీ" అన్నాడు. నాకు నవ్వు రావలసింది, రాలేదు. ఆ కొట్టు నిండా గిన్నెల మీద మా ముగ్గురి మొహాలే వంకరగా కనబడుతున్నాయి. ఇంకెవరైనా కనబడతారేమోనని నేను వాటికేసి చూడలేదు.

ఆయన వచ్చాక కూర్చోబెట్టి చెప్పాను. కోపంలో ఉన్నప్పుడు నాకు చట్టం బాగా గుర్తొస్తుంది.

"కొననివాడు కొన్నట్టు రాస్తే అది రివ్యూ కాదండీ, అబద్ధపు ప్రకటన. వినియోగదారుల చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారే పది లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు."

"నేను రాయలేదు కదండీ, వెస్లీ రాశాడు."

"రాయించుకున్నది మీరు. జవాబులిచ్చింది మీరు."

"ఊళ్ళో అందరూ చేస్తన్నారు కదండీ?"

"ఊరంతా వడ్లు ఎండబోసుకుందని నక్క తోక ఎండబెట్టుకుందట. సరుకుల మీద ఐఎస్ఐ ముద్ర వేసే బీఐఎస్ వాళ్ళు రివ్యూల కోసం 2022లో ఒక ప్రమాణం పెట్టారు. పెద్ద వెబ్‌సైట్ల కోసం రాసింది, తప్పనిసరి కూడా కాదు. కానీ దాని సారం మీ గల్లాపెట్టె మీద అంటించుకోవచ్చు. రాసే మనిషి నిజంగా ఉండాలి. ఆ మనిషి నిజంగా కొనుండాలి. డబ్బో బహుమతో ఇచ్చి రాయించుకోకూడదు. తిట్టారని దాచకూడదు, రాసిన మాట దిద్దకూడదు. ఈ సాయంత్రంలోగా ఈ మూడువందలూ తీయించండి. తీసేస్తే మీ పీడ పోతుంది."

తీసేస్తే పోతుంది అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

వెస్లీ నాలుగు ఫోన్లూ ముందు పెట్టుకుని ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాడు. తీసేముందు పేరు పైకి చదివేవాడు. ఎలీయాజరు. వీరమ్మ. సువర్ణరాజు. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక నాడు చదివినట్టే ఉంది. రూబీ దగ్గర ఆగి నా వంక చూశాడు. నేనే ఫోను తీసుకుని నొక్కాను. 'తొలగించాలా?' అని అడిగింది. మళ్ళీ నొక్కాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. ఎప్పుడూ అనని మాటను, తినని ఇడ్లీని పట్టుకుని ఏడ్చాను.

చివరికి ఒకటి మిగిలింది. అది మాత్రం తీయకుండా వెస్లీ ఫోను బోర్లించి పెట్టాడు.

"ఇది ఆవిడ చూపించేదండీ. బిల్లు అడిగే ఆవిడ. మరియమ్మ గారు, భీమడోలు."

ఫోను తిప్పి చదివాను. శాలిని ఎస్తేరు కొండేటి. 'మా అమ్మకి ఇక్కడే కుక్కరు కొన్నాను. అమ్మకి చాలా నచ్చుతుంది. మళ్ళీ వస్తాను.'

భీమశంకరం అప్పుడు అసలు సంగతి చెప్పాడు. కుక్కరు రబ్బరు కోసం పక్కింటి పిల్ల చేత ఫోనులో కొట్టు వెతికిస్తుంటే ఆవిడకు ఈ పేరు కనబడిందట. మర్నాడే ప్యాసింజరెక్కి వచ్చింది. బిల్లు చూపిస్తే అడ్రసు ఉంటుంది కదండీ అని అడిగింది. ఈయన బిల్లులు దొరకడం లేదన్నాడు. ఆవిడ కదల్లేదు. ఎండలో వచ్చిన పెద్దావిడను కసురుకోలేక, మా గోదావరోళ్ళ మర్యాద ఉంది చూశారూ, ఆ మర్యాద కొద్దీ, "మళ్ళీ వస్తానని రాశారు కదండీ, వస్తారులెండి, కంగారు పడకండి" అన్నాడు. పంపించడానికి అన్న మాట. ఆవిడ ఆ మాట పట్టుకుని ప్రతి శనివారం వచ్చి, తలుపు పక్క స్టూలు మీద కూర్చుని, సాయంత్రం బండికి వెళుతోంది. చేతిలో ఒక కళ్ళజోడు పెట్టె ఉంటుందట. శాలిని ఇంట్లో వదిలి వెళ్ళిన రెండో జోడు అది. తొమ్మిదేళ్ళలో పవరు మారి ఉంటుందేమో కదండీ అని ఈయననే అడిగిందట.

"ఇది తీసేసి, ఆ అమ్మాయి ఊరు మారిపోయిందంట అని చెబుదామండీ," అన్నాడు భీమశంకరం. ఆయన దుర్మార్గుడు కాడు. ఎలాగైనా ఆ స్టూలు ఖాళీ అయితే చాలని ఉంది ఆయనకు.

"ఇంకో అబద్ధం చెప్పారంటే ఆ కేసు నేనే వేస్తాను," అన్నాను. కానీ ఏం చెప్పాలో నాకూ తెలియదు. నా చట్టంలో కొన్నవాడున్నాడు, అమ్మినవాడున్నాడు. తలుపు పక్క స్టూలు మీద కూర్చున్న ఆవిడ ఏ సెక్షన్లోకీ రాదు.

"నేను చెబుతానండీ," అన్నాడు వెస్లీ. "రాసినవాణ్ణి నేను. శనివారం దాకా ఇది ఉంచండి. చెప్పాక తీస్తాను."

ఆ శనివారం అక్టోబరు పంతొమ్మిది. నేను పది గంటలకే వెళ్ళి కూర్చున్నాను. పదకొండు దాటాక ఆవిడ వచ్చింది. సన్నటి మనిషి, ఇస్త్రీ చీర. అందరికీ నమస్కారం పెట్టి స్టూలు మీద కూర్చుని కళ్ళజోడు పెట్టె ఒళ్ళో పెట్టుకుంది. వెస్లీ వెళ్ళి ఆవిడ ముందు నేలమీద కూర్చున్నాడు.

"అమ్మగారూ, నేనండీ, వెస్లీని. మీ అమ్మాయిగారి సమాధి రాసేవాణ్ణి."

"తెలుసు బాబూ. ఈ ఏడు రాయక్కర్లేదులే. వస్తానంది కదా."

వెస్లీ నల్ల అట్ట పుస్తకం ఆవిడ ముందు పెట్టాడు. "ఆ మాట అమ్మాయిగారు రాయలేదండీ. నేను రాశాను. పేరు నా పుస్తకంలోంచి తీసుకున్నాను. కొట్టుకి మంచి పేరు రావడానికి అలా చాలామంది పేర్లతో రాశానండీ. తప్పు చేశాను."

ఆవిడ వాడి మొహంలోకి చూస్తూనే ఉంది.

"మరి కుక్కరు?" అంది.

"కుక్కరు లేదండీ. ఎవరూ కొనలేదు."

"అమ్మకి అని రాశావు కదా బాబూ. అమ్మకి అని ఎందుకు రాశావు?"

"అలా రాస్తే బాగుంటుందనండీ."

"బాగానే ఉంది," అంది ఆవిడ. "పక్కింటి పిల్ల చేత యాభైసార్లు చదివించుకున్నాను."

తర్వాత భీమశంకరం వైపు తిరిగింది. "మీరు వస్తుందన్నారు కదండీ?"

"ఆయ్. అన్నానండీ," అన్నాడాయన. గబగబా అర దగ్గరికి వెళ్ళి ఐదు లీటర్ల కుక్కరు దించి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు, ఊరికే తీసుకెళ్ళమని. ఆ క్షణంలో ఆయన్ని కొట్టాలనిపించింది, జాలీ వేసింది.

"మా ఇంట్లో ఉందండీ. రబ్బరే పోయింది," అని మరియమ్మ గారు లేచింది. బండి సాయంత్రానికి గానీ లేదు. బస్సుకు పోతానని నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెస్లీ ఆవిడ మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి, ఆఖరి రివ్యూ తీసేశాడు.

ఇప్పుడు ఆ కొట్లో బిల్లుతోపాటు చిన్న చీటీ ఇస్తారు. కొన్నవారే రాయండి, బాగోకపోతే బాగోలేదనే రాయండి, రాసినందుకు బహుమతి ఏమీ లేదు అని ఉంటుంది దాని మీద. తలుపు వెనకవైపు అదే మాట వెస్లీ కుంచెతో రాశాడు. మొదటి నిజమైన రివ్యూ రెండు నక్షత్రాలది: 'మూత బిగుతు. ఓనరు మంచివాడు.' భీమశంకరం రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు గానీ దాన్ని ముట్టుకోలేదు. మూత మార్చి ఇచ్చాడు. స్టూలు మాత్రం తలుపు పక్కనే ఉంది. శనివారాలు దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వడు, తీసేయమంటే తీయడు.

పండుగ మూడు రోజులుందనగా మరియమ్మ గారు వెస్లీకి కబురంపింది. ఒక్కడూ వెళ్ళలేనని నన్ను తోడు రమ్మన్నాడు. భీమడోలు స్టేషనులో దిగి సమాధుల తోటకు నడిచాం. ఆవిడ అప్పటికే సున్నం వేయించి ఉంచింది. చుట్టూ అందరూ కడుగుతున్నారు, గడ్డి పీకుతున్నారు, పిల్లలు కొవ్వొత్తులు లెక్కపెడుతున్నారు. వెస్లీ నల్ల ఎనామిలు కలిపి, శాలిని పేరు దిద్ది, పుట్టిన తేదీ దిద్ది, అలవాటుగా కుంచె తుడవబోయాడు.

"తేదీ వెయ్యి బాబూ," అంది మరియమ్మ గారు.

వాడు నా వంక చూశాడు. "ఆగస్టు పదహారా అండీ?" అని అడిగాడు. పడవ తిరగబడిన రోజు అది.

"ఆ రోజు పిల్ల నాకు పోలేదు కదా. నువ్వు కొట్లో చెప్పావు చూడు, ఆ శనివారం వెయ్యి."

గుమాస్తాను కదా, నోటిదాకా వచ్చింది. రికార్డులో తప్పు తేదీ వెయ్యకూడదండీ అని. మింగేశాను. వెస్లీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఒక్కో అంకే ఆగి ఆగి రాశాడు. 19-10-2024. ఏడేళ్ళు వెలితిగా ఉన్న చోటు నిండిపోయింది.

మరియమ్మ గారు పెట్టె తెరిచి కూతురి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. సమాధి మీదికి వంగి, ఒక్కో అంకె మీదా గాలిలో వేలు కదుపుతూ మెల్లగా చదువుకుంది.

"ఆ సున్నా పలచగా ఉంది బాబూ," అంది. "వానకి పోతుంది. ఇంకోసారి దిద్దు."

వెస్లీ కుంచె ముంచి దిద్దాడు.